మూడు షిఫ్టుల కడుపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో గోడ గడియారం ఉండేది గానీ దాని మొహం ఎవరూ చూసేవారు కాదు. ఉక్కు కంపెనీ భోంపూ, అదే సైరను, మోగితే లేవడం, మళ్లీ మోగితే తినడం. జంషెడ్‌పూర్‌లో, అగ్రికో క్వార్టర్లో, రెండు గదుల ఇల్లు మాది. నాన్నది పొద్దుటి డ్యూటీ, బాబాయిది మధ్యాహ్నం డ్యూటీ, మావయ్యది రాత్రి డ్యూటీ. అమ్మ ఒక కంచం తీస్తూ ఇంకో కంచం పెడుతూ ఉండేది.

ఆ కంచాలన్నిటి పక్కనా నేనుండేదాన్ని. మావయ్య డ్యూటీ దిగి వచ్చి పొద్దున్నే వేడన్నం తింటుంటే ఆయన పక్కన చేరేదాన్ని. బాబాయి బయల్దేరే ముందు పెందలాడే భోంచేస్తే ఆయనతో కూర్చునేదాన్ని. నాన్న ఎండలో సైకిలు తొక్కుకుంటూ వస్తే ఆయనతో మళ్లీ. పాపం ఒక్కరే తింటుంటే చూడలేకపోవడం నా మంచితనం. పిల్ల పక్కన కూర్చుంటే నాలుగు ముద్దలు ఎక్కువ దిగుతాయని వాళ్లూ మురిసిపోయేవారు. పిల్లకి ఆ పూట అదే మొదటి భోజనమని ముగ్గురూ ఎవరికి వారు అనుకునేవారు.

ఆ వేసవి సెలవుల్లో నా కడుపు ఎదురు తిరిగింది. పుల్లటి తేన్పులు, బరువు, నోట్లో ఏది పెట్టినా రుచి లేదు. సరిగ్గా అప్పుడే పక్కింటి అక్కకు పెళ్లి కుదిరింది. పెళ్లి నది అవతల మాంగో అనే పేటలో, పెళ్లికొడుకు వాళ్లింట్లో. బూరెలు వండడానికి శ్రీకాకుళం నుంచి వంటవాళ్లు వస్తున్నారని విన్న దగ్గర్నుంచి నాకు వేరే ధ్యాస లేదు. అమ్మేమో, ఈ కడుపుతో పెళ్లికి తీసుకెళ్లేది లేదని తేల్చి చెప్పేసింది. నాకు లోకం మునిగిపోయినట్టయింది.

అప్పుడే టెక్కలి నుంచి మా నాన్నమ్మ వచ్చి ఉంది. వరండాలో చాప మీద కూర్చుని రోజంతా ఇంటి వాలకం చూసింది. అమ్మకు పనిలో తలెత్తే తీరిక లేదు, మూడు భోజనాల్లోనూ నన్ను గమనించింది ఆవిడ ఒక్కతే. సాయంత్రం పొయ్యి రాజేసే పని నాకు అప్పగించింది.

బకెట్టుకు మట్టి పూసి చేసిన బొగ్గుల పొయ్యి మాది. పిడక ముక్కలు, పుల్లలు పేర్చి, పైన బొగ్గు వేసి, గుమ్మం బయట పెట్టుకుని విసనకర్రతో విసిరాను. కాస్త ఎర్రబడిందో లేదో నాన్నమ్మ వచ్చి ఇంత బొగ్గు కుమ్మరించి వెళ్లింది. ఒకటే పొగ. కళ్లు తుడుచుకుని మళ్లీ విసిరాను. మళ్లీ ఎర్రబడుతుండగా మళ్లీ వచ్చి కుమ్మరించింది. నాకు ఒళ్లు మండిపోయింది. ముందేసింది అంటుకోకుండా మళ్లీ ఎందుకేస్తావని విసనకర్ర నేలకేసి కొట్టాను.

నాన్నమ్మ నా పక్కన చతికిలబడి, చీర కొంగుతో నా మొహం మీది మసి తుడిచింది.

"మరి నువ్వు సేత్తన్నదేటే? నీ కడుపులోనూ ఓ పొయ్యుంది. అదీ నీలాగే ఏడుత్తంది," అంది.

మర్నాటి నుంచి నా తిండి ఆవిడ చేతిలోకి వెళ్లింది. శొంఠి వేసిన పల్చటి మజ్జిగ, పాత బియ్యం జావ, తాగడానికి గోరువెచ్చటి నీళ్లు. తిన్నాక మంచం ఎక్కనిచ్చేది కాదు, వీధి చివరిదాకా నడిపించేది. భోంపూ మోగిందని కాదు, ఆకలేసిందని అడిగితేనే పెడతానని షరతు. నేను అంతకుముందు ఏనాడూ ఆకలేసిందని అడిగిన పిల్లను కాదు. అడిగే అవసరం ఎక్కడ వచ్చింది గనక.

తేన్పులు పోయాయి, ఒళ్లు తేలికపడింది, అమ్మ మెత్తబడింది. పెళ్లినాడు అందరం బస్సెక్కాం. సగం దారిలో కడుపులో ఏదో కొత్త బాధ మొదలైంది. లోపల ఖాళీగా ఉంది, ఎవరో పట్టి పిండుతున్నట్టుంది, గుర్రుమని చప్పుడు కూడా. అమ్మకు తెలిస్తే అక్కణ్నుంచే వెనక్కి తిప్పేస్తుందని నోరు మూసుకుని కూర్చున్నాను. బస్సు సువర్ణరేఖ వంతెన మీదికి ఎక్కేసరికి ఇక నావల్ల కాలేదు. కన్నీళ్లు కారిపోతుండగా నాన్నమ్మ చెవిలో చెప్పాను.

"నాన్నమ్మా, కడుపులో ఏటో అయిపోతంది. అమ్మకి సెప్పకు."

నాన్నమ్మ కంగారుగా నా పొట్ట తడిమింది. బరువుగా ఉందా అని అడిగింది, లేదన్నాను. బూరెలు తినాలనుందా అంటే, బూరెలే అక్కర్లేదు, ఉత్త అన్నమైనా చాలన్నాను. అంతే, ఆవిడ నన్ను ఒళ్లోకి లాక్కుని పగలబడి నవ్వింది.

"ఒలమ్మా, అది రోగం కాదే. దాన్నే ఆకలంటారు."

కండక్టరు హిందీలో ఏమైందని అడిగితే, నాన్నమ్మ 'భూక్, భూక్' అంటూ తనకొచ్చిన ఒక్క హిందీ ముక్కతో బస్సంతా చాటింపు వేసింది. నేను సిగ్గుతో ఆవిడ కొంగులో దాక్కున్నాను.

ఆ పెళ్లిలో బూరె చిదిమి, నెయ్యి పోసుకుని తిన్న రుచి మళ్లీ ఎక్కడా దొరకలేదు. రెండోది అయ్యాక వడ్డించే ఆయన ఇంకోటి వెయ్యబోతుంటే ఎదురు వరసలో నాన్నమ్మ కనిపించింది. విసనకర్ర విసురుతున్నట్టు చెయ్యి మెల్లగా ఆడించింది, అంతే. పొయ్యిలో గాలికి కాస్త చోటుంచాలి కదా. నేను రెండు చేతులూ విస్తరి మీద అడ్డం పెట్టాను.

ఇప్పుడు అదే ఊళ్లో, సోనారిలో కొడుకు దగ్గర ఉంటున్నాను. మనవడు 'దాదీ, భూఖ్ నహీఁ' అని ఆకల్లేదంటే కోడలు గిన్నె పట్టుకుని వాడి వెనక తిరుగుతుంది. వదిలెయ్యమ్మా, వాడే వస్తాడంటాను. వస్తాడు కూడా. నేనూ అంతే, కడుపులో ఆ పిండుడు మొదలయ్యేదాకా కంచం ముందు కూర్చోను. ఈ వయసులో ఒంట్లో ఏ కొత్త నొప్పి వచ్చినా భయమే. అదొక్కటి మాత్రం వచ్చిందంటే, వంతెన మీద బస్సులో మా నాన్నమ్మ ఒళ్లో కూర్చున్నట్టే ఉంటుంది నాకు.