చీకటక్క కోపం

కన్నవాళ్ళు పెట్టిన పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. తమ్ముడి ఫొటో స్టూడియో వెనక, కిటికీ లేని గదిలో ఇరవై ఆరేళ్ళుగా ఫిల్ములు కడుగుతోంది కాబట్టి ఆవిడ అందరికీ చీకటక్క. ముందుగదిలో తమ్ముడు కంప్యూటర్ మీద మొహాలకు తెలుపు పూస్తుంటే, వెనక ఆవిడ చీకటిని వేళ్ళతో చదువుకుంటుంది. చుట్టుపక్కల ల్యాబులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మిగిలిన ఒకటీ అరా గీతలు పడ్డ నెగెటివ్‌లు చేతిలో పెట్టి, ‘ఈ రోజుల్లో ఇంతే’ అంటాయి. ఆ మాట వింటే ఆవిడకు ఒళ్ళు మండుతుంది.

ఒక పొద్దున బస్సు డ్రైవర్ ఒకాయన వచ్చాడు. ముందురోజే రిటైరయ్యాడు. చివరి వారమంతా తన రూటులో ఒక్కో స్టాపు దగ్గర ఎదురుచూసే జనాన్ని ఒక్కో ఫొటో తీశాడు.

“ముప్పై ఆరు స్టాపులు, ముప్పై ఆరు ఫొటోలమ్మా. కిందటేడు మనవరాలి ఫొటోలు ఒక ల్యాబువాడు పొగలాగా చేసిచ్చాడు. ఇవి మాత్రం మళ్ళీ తియ్యలేను. ఆ సీటు ఇప్పుడు నాది కాదు.”

“కూర్చోండన్నయ్యా,” అంది చీకటక్క.

రీలు కడిగే ముందు ఆవిడకో అలవాటుంది. బయటికి వేలాడే ఫిల్ము కొసను గోరంత కత్తిరించి, బొమ్మను పైకి తెచ్చే డెవలపర్‌లో వేస్తుంది. వెలుగు తిన్న ముక్క అది. డెవలపర్‌లో జీవముంటే నిమిషాల్లో బొగ్గులా నల్లబడాలి. ఆ రోజు ముక్క బూడిదరంగు దగ్గరే ఆగిపోయింది. ఎంతసేపు చూసినా వాన వెలిసిన సాయంత్రంలా అలాగే ఉంది. సీసా మాత్రం నిన్నటికంటే నిండుగా కనిపించింది.

అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఒరేయ్, ఇలా రా! ఇందులో నీళ్ళు పోశావా?”

తమ్ముడు గుమ్మంలో నిలబడి నసిగాడు. “కొత్త డెవలపర్ పౌడర్ రావడానికి టైం పడుతుందనీ... కాసినే లేవే అక్కా. పలచగా వస్తే కంప్యూటర్లో నలుపు పెంచేస్తా. ఎవడికి తెలుస్తుంది?”

“ఫిల్ములో పడని నీడ నీ కంప్యూటర్‌కి ఎక్కణ్ణించి వస్తుందిరా? మీ అత్తగారింటి నుంచి తెస్తావా?”

“మెల్లగా! బయట ఆయన వింటాడు.”

“విననీ!”

సీసా ఎత్తి మొత్తం తూములో పారబోసింది. రీలు పట్టుకుని వెలుగులోకి వచ్చింది.

“అన్నయ్యా, మావాడు డెవలపర్‌లో నీళ్ళు కలిపాడు. కడిగుంటే మీ జనమంతా దయ్యాలై వచ్చేవాళ్ళు. ఇదిగో మీ రీలు.”

డ్రైవర్ మొహం గంటుపెట్టుకున్నాడు. “నమ్మి వస్తే మీరూ ఆ తాను ముక్కేనా!” అని రీలు జేబులో వేసుకుని విసవిసా నడిచాడు. ఆ మాట చీకటక్కకు చెంపదెబ్బలా తగిలింది.

గుమ్మం దాటబోతూ ఆయన ఆగాడు. “కొత్తదెప్పుడొస్తుంది?”

“సోమవారం.”

“సోమవారం పొద్దున్నే వస్తా. ఈయన్ని మాత్రం ఆ గదిలోకి రానివ్వకండి.”

ఆయన వెళ్ళగానే తమ్ముడు ఉక్రోషంగా, “పరువంతా బజార్న పెట్టావుగా!” అన్నాడు.

ఆవిడ చెయ్యి చాపింది.

“ఏంటి?”

“వెనకగది తాళంచెవి.”

“స్టూడియో నాది!”

“స్టూడియో నీదే. ఎవరొద్దన్నారు? ఆ గది నాది. ఇవ్వు.”

అతడు గుత్తిలోంచి తాళంచెవి ఊడదీస్తున్నంతసేపూ ఆవిడ చాపిన చెయ్యి దించలేదు.