పరుగులమ్మ బద్ధకం గురించి ఒక మనవి

కార్యాలయంలో అందరూ పరుగులమ్మ అని పిలిచే తోటమాలికి నలభై మూడేళ్లు. నకళ్ల గుమాస్తా ఆమెను పదకొండేళ్లుగా ఎరుగును. అందులో మొదటి తొమ్మిదేళ్లు ఆమె నడవడం ఆయన చూడలేదు. ఆయన కలంలో సిరా నింపి, మూత బిగించి తలెత్తేలోగా, రెండో అంతస్తు వరండాలోని పద్దెనిమిది కుండీలకూ నీళ్లు పోసి, ఆ చివర మెట్లు దిగిపోతూ ఉండేది. ఆ పేరు అలా స్థిరపడింది.

కార్యాలయం నుంచి బయటికి వెళ్లే ప్రతి ఉత్తరాన్నీ పెద్ద రిజిస్టరులోకి అక్షరం పొల్లుపోకుండా ఎక్కించడం గుమాస్తా ఉద్యోగం. ఉత్తరంలో ఏముందో తెలుసుకోవడం ఆ ఉద్యోగంలో భాగం కాదని ఆయన అభిప్రాయం. ముప్పై నాలుగేళ్లు ఆ అభిప్రాయంతోనే నెట్టుకొచ్చారు.

రెండేళ్ల క్రితం పరుగులమ్మను ముందువైపు పచ్చిక నుంచి పంపుగది వెనుక నారుమడికి మార్చారు. వరండా కుండీల పని మాత్రం ఆమెకే ఉంచారు. ఆ మడిలో ఎప్పుడూ చెమ్మగా ఉండే నేల. అక్కడ నారు ఎంత ఏపుగా ఎదిగేదంటే, వచ్చిన అధికారులందరినీ తీసుకెళ్లి చూపించేవారు. నారు ఎదుగుతున్నకొద్దీ పరుగులమ్మ మాత్రం నెమ్మదించింది. మొదట పరుగు మానింది. తరువాత మెట్ల మలుపు దగ్గర నీళ్ల డబ్బా దించి ఆయాసం తీర్చుకోసాగింది.

"ఏమమ్మా, మెట్లు గాని పెరిగాయా?" అని ఒకనాడు గుమాస్తా అడిగారు.

"మెట్లెక్కడ పెరుగుతాయి పెద్దయ్యగారూ! నేనే తరిగిపోతున్నాను," అని నవ్వింది. వేలి ఉంగరం జారిపోకుండా దానికి దారం చుట్టుకుని ఉంది.

ఆమె భర్త గేటు పక్కన సైకిళ్లు బాగుచేస్తాడు. హాస్యం లేనిదే మాట రాదు అతనికి. "మా ఆవిడ టైరులో గాలి నిలవట్లేదండీ," అనేవాడు. "నీళ్లలో ముంచి చూద్దామంటే ఒప్పుకోదు. పంక్చరెక్కడో దొరకట్లేదు."

అంతకంటే వింత సంగతి ఒకటి గుమాస్తా కంటబడింది. పెద్ద కుండీ చాటున నిలబడి ఆమె పగిలిన కుండ పెంకు కొరుక్కు తింటోంది. ఆయనను చూసి పెంకు చప్పున కొంగులో దాచింది.

"ఎవరికీ చెప్పకండి. మట్టి వాసన తగిలితే చాలు, నోరూరిపోతుంది. కడుపుతో ఉన్నప్పుడు కూడా ఇంత పిచ్చి లేదు నాకు."

ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది.

పోయిన సోమవారం తోటల సూపరింటెండెంటు సంతకంతో ఒక మెమో నకలుకు వచ్చింది. సూపరింటెండెంటు చెడ్డవాడు కాడు. వాడిన ఆకు కనబడితే ఆయనకు అన్నం సహించదు, అంతే. పనివేళల్లో కూర్చోవడం, కునుకు తీయడం వంటివి ఏకరువు పెట్టి, ఏడు రోజుల్లోగా తగిన సంజాయిషీ ఇవ్వనిచో పరుగులమ్మను పని నుంచి తొలగిస్తామని అందులో ఉంది. గుమాస్తా రిజిస్టరు తెరిచి కలం ఆనించారు. "మొదట చురుకుగా పనిచేసి, క్రమేణా సోమరితనమునకు అలవాటుపడి" అన్న చోటికి వచ్చేసరికి, కన్ను చదవకముందే చేయి రాసేసింది.

ఆయన కలం పక్కన పెట్టారు. అలా పెట్టడం ఆయన అలవాటు కాదు.

పాత రిజిస్టర్లు దింపించి దుమ్ము దులిపారు. ఎనిమిదేళ్ల క్రితం ఒక తోటమాలి, రెండేళ్ల క్రితం మరొకడు. ఇద్దరూ మొదట చురుకుగా పనిచేసినవారే, క్రమేణా సోమరులైనవారే. ఇద్దరిదీ పంపుగది వెనుక మడే. ఇద్దరినీ తొలగించిన ఉత్తరాలు ఆయన గుండ్రని దస్తూరీలోనే, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్నాయి. ఒక మడి ముగ్గురు మనుషులను వరుసగా బద్ధకస్తులను చేసింది. ఆ సంగతి తెలియగల మనిషి ప్రపంచంలో ఒక్కడే ఉన్నాడు. అతడు ఎన్నడూ చదవలేదు.

ఆయన మెట్లు దిగి పంపుగది వెనక్కి వెళ్లారు. పరుగులమ్మ వట్టికాళ్లతో, చీలమండల దాకా బురదలో ఉంది. గోడవతల సిబ్బంది మరుగుదొడ్ల గొట్టం పగిలి, సన్నని చెమ్మ మడిలోకి దిగుతోంది.

"సంజాయిషీ ఏం ఇస్తావమ్మా?"

"ఏం ఇవ్వను పెద్దయ్యగారూ! ఉన్నమాటే కదా రాశారు. పొద్దున్నే లేవబుద్ధి కాదు. గునపం ఎత్తితే గుండె దడ. బద్ధకం కాకపోతే ఏంటిది? మా అత్తగారు కూడా ఒళ్లు బరువెక్కిందే నీకు అంటుంది."

"చెప్పులు వేసుకోవేం?"

"ఈ బురదలో చెప్పు దిగితే చెప్పు అక్కడే, కాలు ఇక్కడే!"

మర్నాడు గుమాస్తా సెలవు పెట్టి, పరుగులమ్మను ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లారు. ఆరేళ్లలో ఆయన సెలవు చీటీ రాయడం అదే మొదలు. అక్కడ డాక్టరమ్మ ఆమె కింది కనురెప్ప లాగి చూసింది. ఎర్రగా ఉండవలసిన చోటు కాగితంలా ఉంది. వేలు గుచ్చి పరీక్షిస్తే, పన్నెండు ఉండవలసిన రక్తం ఏడుకు దిగింది.

"వేళ్ల సందుల్లో దురద ఉంటుందా?"

"మడిలోకి దిగిన మొదట్లో గోక్కుని గోక్కుని చచ్చానమ్మా."

"మట్టి తినాలనిపిస్తుందా?"

పరుగులమ్మ గుమాస్తా వైపు ఉరిమి చూసింది. "నేను చెప్పలేదమ్మా," అన్నారాయన తడబడుతూ.

"ఎవరూ చెప్పక్కర్లేదు. రేపు మలం పరీక్షకు తెచ్చివ్వండి. కడుపులో పురుగులున్నాయేమో చూద్దాం."

"పురుగులా! అవి పిల్లలకు కదండీ వచ్చేది? నాకు నలభై మూడేళ్లు!"

"వాటికి నీ వయసుతో పనిలేదమ్మా, నీ రక్తంతోనే పని."

ఇక ఆ నమూనా ఉన్న చిన్న డబ్బా ఎలా తీసుకెళ్లాలన్నదే పరుగులమ్మకు ప్రాణసంకటమైంది. దారిలో ఎవరైనా ఏంటది అంటే ఏం చెప్పాలి? ప్రతిదానికీ ఒక పద్ధతి ఉంటుందని గుమాస్తా ధైర్యం చెప్పి, గోధుమరంగు కవరు ఇచ్చి, దానిమీద స్వయంగా రాశారు: "పరీక్షల గదికి. విషయము: నిన్నటి దినమున కోరబడిన నమూనా. జతపరచినవి: ఒకటి." పరీక్షల గదిలోని ఆవిడ కవరు చదివి బల్లమీద తలవాల్చి నవ్వింది.

"ఇంత మర్యాదగా ఎవరూ పంపలేదండీ! రసీదు కూడా ఇమ్మంటారా?"

"ఇస్తే మంచిదే," అన్నారు గుమాస్తా.

ఆవిడ నిజంగానే ఇచ్చింది.

మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. కొంకి పురుగులు. మలం కలిసిన తడిమట్టిలో వాటి పిల్లలు ఉంటాయని, వట్టికాలి చర్మంలోంచి లోపలికి దూరి, ఊపిరితిత్తుల మీదుగా పేగులకు చేరి, అక్కడ కరిచి పట్టుకుని రోజూ ఇంత రక్తం పీలుస్తాయని డాక్టరమ్మ చెప్పింది. మనిషికి నొప్పి తెలియకపోవచ్చు. మనిషి నెమ్మదిస్తాడు, లోకం బద్ధకం అంటుంది.

పరుగులమ్మ మెల్లగా అడిగింది: "అయితే నేను బద్ధకస్తురాలిని కాదా అమ్మా?"

"ఇంత తక్కువ రక్తంతో రెండేళ్లు గునపం ఎత్తావా! నీ అంత మొండిదాన్ని నేను చూడలేదు."

పురుగులకు కూడా ఏడవని మనిషి ఆ మాటకు ఏడ్చింది. గుమాస్తా గోడమీది పటంలో పేగుల చిత్రాన్ని శ్రద్ధగా పరిశీలించారు.

పురుగులకు మందు డాక్టరమ్మ తన ఎదుటే మింగించింది. రక్తం పట్టడానికి మూడు నెలలు ఇనుము బిళ్లలు వాడాలన్నది. "మళ్లీ వట్టికాళ్లతో అదే మట్టిలోకి దిగితే మాత్రం మళ్లీ ఇక్కడికే వస్తావు," అనీ చెప్పింది.

"పంక్చరు దొరికిందన్నమాట! ఒకటి కాదు, వందా!" అన్నాడు భర్త. ఆ సాయంత్రమే పాత లారీ ట్యూబు కోసి, అతుకులేసి, భార్యకు మోకాళ్ల దాకా బూట్లు తయారుచేశాడు. ఎడమదానిలోకి నీళ్లు కారుతున్నాయి. ఆమె అవి తొడుక్కుని వరండాకు వచ్చి గుమాస్తాకు చూపించింది. ఇంకా ఆయాసపడుతూనే ఉంది. పరుగుకు ఇంకా సమయం పడుతుంది.

సంజాయిషీకి నేడు ఆరవ దినము. కావున నకళ్ల గుమాస్తా సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా: పరుగులమ్మపై జారీ అయిన మెమోను ఉపసంహరించి, ఆమెను పనిలోనే ఉంచవలెను. ఆరోగ్య కేంద్రము వారి చీటీ, పరీక్షల గది రసీదు ఇందుతో జతపరచడమైనది. పగిలిన గొట్టమును బాగుచేయించి, ఆ మడిలో దిగువారికి నీరు కారని బూట్లు ఇప్పించి, తోటపనివారందరికీ పరీక్ష చేయించవలెను. మునుపు తొలగింపబడిన ఇరువురు ఎక్కడున్నదీ విచారించి, వారికి కూడ ఈ సంగతి తెలియజేయవలెను. వారి ఉత్తరముల నకళ్లలో "సోమరి" అను మాట ప్రక్కన అది పొరపాటని, ఆ మాటను అందముగా వ్రాసిన చేతితోనే వ్రాయుటకు అనుమతి దయచేయవలెనని ప్రార్థన.