మా ఇంట్లో రిలే

నాకు అనుమానం జాస్తి. ఈ మాట మా అమ్మ అంటే ఊరుకునేవాణ్ణి కాను గానీ, ఇప్పుడు నేనే చెప్పుకుంటున్నాను.

ఎనభైల మధ్యలో ఒరిస్సాలోని కోరాపుట్ కొండల్లో ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో టెక్నీషియన్‌ని. సరుకు సైన్యానికి వెళ్ళేది కాబట్టి గేటు దాటాలంటే టిఫిన్ క్యారేజీ మూత కూడా తీసి చూపించాలి. టౌన్‌షిప్పు క్వార్టర్లో అమ్మా నేనూ ఉండేవాళ్ళం. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. లేచి స్విచ్చి వెయ్యాలంటే "ఓలమ్మో" అని ఒకటే మూలుగు. ఆ బాధ పడలేక విశాఖపట్నంలో పాత సామాన్ల కొట్టునుంచి ఒక మైక్రోప్రాసెసర్ కిట్టు తెచ్చాను. పలకంత బోర్డు. కంప్యూటరంతా ఆ ఒక్క బోర్డు మీదే: కొన్ని మీటలు, ఎర్రగా వెలిగే అంకెలు. దానికి నాలుగు రిలేలు తగిలించాను. రిలే అంటే బ్రహ్మవిద్యేం కాదు. బోర్డు సైగ చేస్తే లోపలి అయస్కాంతం టిక్కుమని లాగి, మన బదులు స్విచ్చి వేస్తుంది. ఐదున్నరకి అమ్మ గదిలో లైటు, ఆరింటికి రేడియో వాటంతటవే వచ్చేవి. వాన పడి కరెంటు పోయిందంటే మాత్రం కిట్టు అన్నీ మర్చిపోయేది. మళ్ళీ కాగితం చూసుకుంటూ అంకెలన్నీ నొక్కాలి. ఒకసారి ఒక్క అంకె తప్పు కొడితే రేడియోకి బదులు ఫ్యాను తిరిగింది. ఆ కొండ చలిలో అమ్మ నన్ను తిట్టని తిట్టు లేదు.

బయటివాళ్ళలో ఆ బోర్డు చూసింది పక్క క్వార్టరాయన ఒక్కడే. విజయనగరం వైపు మనిషి, స్టోర్సులో గుమాస్తా. దాని ముందు గొంతుక్కూచుని అడిగేవాడు.

"ఇది ఎవులితో మాటాడతాది తమ్ముడూ?"

"ఎవరితోనూ కాదన్నా."

"మరి ఆరయిందని దీనికెవుడు సెప్పేడు?"

నవ్వుకున్నాను అప్పుడు.

ఒక ఆదివారం పొద్దున్న సెక్యూరిటీ ఆఫీసరు ఇద్దరు జవాన్లతో మా గుమ్మంలో నిలబడ్డాడు. "రిలే కిధర్ హై?" అన్నాడు. చూపించాను. అగ్గిపెట్టెలంత లేని వాటిని చూసి ఆయనకి కోపం వచ్చింది. నేను ఆటలాడుతున్నాననుకున్నాడు. రెండు నిమిషాలకి గానీ నాకు వెలగలేదు. ఆ ఏడాదే పక్క కొండ మీద టీవీ రిలే సెంటరు కడుతున్నారు. టౌన్‌షిప్పులో ఎవరికైనా రిలే అంటే ఆకాశంలోంచి మాటలు పట్టుకుని ఇంకెక్కడికో పంపే యంత్రమే. సైన్యానికి సరుకు చేసే చోట నేను ఇంట్లో వైర్‌లెస్ నడుపుతున్నానని ఎవరో చెప్పారు! అది నిజమని తేలితే ఉద్యోగం ఊడుతుంది, క్వార్టరు పోతుంది, ఆపైన జైలు. బోర్డుని గోనెసంచీలో వేసి లక్క ముద్ర కొట్టి పట్టుకెళ్ళిపోయారు. ఇంజినీర్లు చూసి, ఇది దేన్నీ ఎక్కడికీ పంపదని రాసిచ్చేసరికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ క్యాంటీన్లో నా బల్ల దగ్గర ఎవరూ కూచోలేదు.

చెప్పిందెవడు? చూసినవాడు ఒక్కడే కదా. పైగా ఆ రెండు వారాల్లో చివరి పది రోజులూ ఆయన మా గడప తొక్కలేదు. భార్య నీళ్ళాడి ఇంట్లో పసిపిల్ల ఉంది, తీరిక లేదు. నాకు మాత్రం మొహం చాటేస్తున్నట్టే కనిపించింది. బోర్డు తిరిగొచ్చిన రోజు "ఏటి తమ్ముడూ, ఇచ్చేసేరా?" అని నవ్వాడు. ఏమీ ఎరగనట్టు ఎంత బాగా అడుగుతున్నాడో అని ఒళ్ళు మండిపోయింది.

ఆయన స్నానాల గదిలో తీగ చుట్టల హీటరు ఉండేది. క్వార్టర్లలో అది నిషేధం. ఎడమచేత్తో ఒక కాగితం రాసి, సంతకం లేకుండా మెయింటెనెన్సు ఆఫీసు పెట్టెలో వేశాను. మూడోనాడు వాళ్ళొచ్చి హీటరు పట్టుకుపోయి, ఫ్యూజు కూడా పీకేశారు. బాలింతరాలు, పదిహేను రోజుల పిల్ల, ఇల్లంతా చీకటి. దాచను, నాకు సంతోషమే వేసింది.

మర్నాడు అమ్మ చిక్కుళ్ళు వలుస్తూ పక్కింటివైపు చూసి నిట్టూర్చింది. "సెక్యూరిటీ ఆపీసరు పెళ్ళాం మంచి మనిసిరా. ఈళ్ళ కరెంటు గురించి ఆవిడితో ఓ మాట సెప్పి సూడనా?"

"ఆవిడ నీకెలా తెలుసు?"

"సంతలో కలిసీదిగా. మావోడు ఇంటికాడ రిలే ఎట్టేడమ్మా, ఇంట్లో ఎవులూ నేకపోయినా రేడియో మాటాడతాది అని సెప్పేను. ఎంత ఇదైపోనాదనుకున్నావు!"

"ఎప్పుడు చెప్పావే?"

"ఆళ్ళొచ్చి నీ బోర్డు అట్టుకెళ్ళిన ముందు వారం. అయినా ఆళ్ళు వైర్‌లెస్సని కదరా వొచ్చేరు. నాను రిలే అన్నాను గానీ, వైర్‌లెస్ అన్నేదే!"

అమ్మ మొహంలో కొడుకు గొప్ప తప్ప ఇంకేమీ లేదు. ఆమెని ఏమనను? సిగ్గుతో చచ్చిపోయాను. వెంటనే వెళ్ళి చెప్పేద్దామని లేచాను, చెప్పులు కూడా వేసుకున్నాను. ఈలోగా ఆయనే వచ్చాడు. బయట రిక్షాలో భార్య, ఒళ్ళో దుప్పటి చుట్టిన పిల్ల.

"రాయగడ బస్సెక్కి, రైల్లో విజయనగరం ఎల్తన్నాం తమ్ముడూ. ఈ సలికి పిల్లకి రొంప సేసీసింది. ఆళ్ళని అత్తోరింటికాడ ఒగ్గేసి వత్తాను." గొంతు తగ్గించి అన్నాడు. "నీ మీద సెప్పినోడూ నా మీద రాసినోడూ ఒక్కడే అయ్యుంటాడు. ఈ ఈదిలో ఎవుల్నీ నమ్మడానికి నేదు. నువ్వొక్కడివే."

తన ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"ఆ కాగితం రాసింది నేనే అన్నా" అనబోయాను. రిక్షాలో పిల్ల దగ్గుతోంది.

"జాగ్రత్తగా వెళ్ళిరా అన్నా" అన్నాను.