దైనెస్ మేడమ్ మానేసిన హాజరు

చర్చలంటే నాకు ఒళ్ళు మంట. సుద్దముక్క గొప్పదా, ట్యాబ్ గొప్పదా అని జిల్లా కేంద్రంలో ఎప్పుడు సభ పెట్టినా నేను వెనక బెంచీలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటాను. దైనెస్ మేడమ్ అలా కాదు. సరస్సు ఒడ్డున ఉన్న మా బడిలో ఇరవై రెండేళ్ళుగా రెండో తరగతి చెబుతున్న మనిషి. మాట్లాడ్డానికి లేచిందంటే ముందు నడుముకి చుట్టుకున్న చితెంజె గుడ్డ బిగించి కడుతుంది. ఆమె ఇంటి పక్క ఇల్లే, క్లాసు పక్క క్లాసే నాది. ఆ చర్చల్లో ఎవరు గెలిచారో అందరూ చెబుతారు గానీ, ఆమెకి ఏమైందో ఎవరూ చెప్పరు.

ట్యాబులు రాకముందు ఆమె హాజరు తీసే పద్ధతే వేరు. క్లాసులో నూట ముప్పై మంది. ఒక్కో పేరే పిలుస్తుంది. రాని పిల్ల తరఫున పక్కన కూర్చునే పిల్ల లేచి కారణం చెప్పాలి.

"దానికి కడుపునొప్పి మేడమ్."

"వాడు వలలు ఆరేస్తున్నాడు మేడమ్."

"అబద్ధం మేడమ్! మామిడికాయలు కొట్టడానికి పోయాడు!"

క్లాసంతా ఒకటే నవ్వు. ఎవరికైనా వరసగా రెండు రోజులు జ్వరమని వినబడితే మాత్రం, సాయంత్రం బడిలో ఉండే మలేరియా మందుల పెట్టె చంకన పెట్టుకుని ఆ ఇంటికి నడిచేది. వేలు గుచ్చి రక్తం చూసి, మాత్రలు వేయించి, వాళ్ళు పెట్టిన మొక్కజొన్న సంకటి, న్సిమా, రెండు ముద్దలు తిని వచ్చేది. ఆ పెట్టె వాడడం నేర్చుకున్నది మా బడిలో ఆమె ఒక్కతే.

ఈ హాజరుకే రోజూ అరగంట పోయేది. అందుకే ట్యాబులు వచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ సంబరపడింది ఆమే. ట్యాబు తెర మీద పిల్లకో బొమ్మ గుర్తుగా ఇచ్చారు. తన బొమ్మ నొక్కితే పాఠం తెరుచుకుంటుంది, హాజరు దానంతటదే పడుతుంది. "మానేసిన వాళ్ళ కోసం ఇది ఆగదర్రా, వెనకబడిపోతారు," అని పిల్లల్ని బెదిరించింది కూడా. పేర్లు పిలవడం మానేసింది.

తియామికె బొమ్మ గినీ కోడి. ఎనిమిదేళ్ళది, అమ్మా నాన్నా లేరు, అవ్వే పెంచుతోంది. వానాకాలం వస్తే నీటిగుర్రాలు వరి తొక్కకుండా అవ్వా మనవరాలూ మడి గట్టున కాపలా గుడిసెలోనే కాపురం. అక్కణ్ణుంచి బడికి గంట నడక.

ఆ వానల్లోనే ఒక గురువారం జిల్లా కేంద్రం సభలో సుద్దముక్క పక్షాన సోకో సార్ లేచాడు. రిటైరవడానికి ఇంకో ఏడాది ఉంది ఆయనకి.

"రాని పిల్లని ఎందుకు రాలేదమ్మా అని అడుగుతుందా నీ యంత్రం?"

"మీరు ముప్పై ఏళ్ళు అడిగి ఏం సాధించారు సార్?" అంది దైనెస్ కూర్చున్నచోటి నుంచే. "మీ క్లాసులో సగం మందికి వాళ్ళ పేరు రాయడమే రాదు!"

సభ గొల్లుమంది. దైనెస్ లేచి, చితెంజె బిగించి, ఒక కాగితం పైకెత్తింది. "ఈ పిల్లని చూడండి. తియామికె. వానలు పడితే నెలలో పది రోజులు మానేసేది. ఈ నెల ఒక్క రోజు మానలేదు. పాఠాల్లో క్లాసుకే ముందుంది."

చప్పట్లు మోగిపోయాయి. ఒలుస్తున్న కాయలు ఒళ్ళో పెట్టుకుని నేనూ కొట్టాను. ఆ చేతులు ఇప్పటికీ నాకు రోత.

సాయంత్రం తిరిగొస్తుంటే మా మలుపు దగ్గర ఒక సైకిల్ ఎదురొచ్చింది. తొక్కేవాడి వీపుకి ఒక పిల్లని గుడ్డతో కట్టారు. వెనకాల అవ్వ పరుగెత్తుతోంది. తియామికె. ఆరు రోజుల జ్వరం. ఆసుపత్రికి చేరేలోపే పోయింది.

మర్నాడు ఖననం. చాప మీద ఆడవాళ్ళ మధ్య కూర్చున్న దైనెస్ చెయ్యి పట్టుకుని అవ్వ అన్న మాటలు నేను పక్కనే ఉండి విన్నాను.

"ఆసుపత్రికి ఎత్తుకుపోదామా అంటే, వద్దవ్వా, రెండు రోజులు రాకపోతే మేడమే పెట్టె పట్టుకుని వస్తుంది అని పిల్ల అంది తల్లీ. రోజూ దారి చూసింది. నిజమే కదా, ఎప్పుడూ వచ్చేదానివి కదా అని నేనూ ఆగాను."

తిట్టలేదు ఆ ముసలిది. తిట్టినా బాగుండేది.

ఆ రోజే తెలిసింది. తియామికె పక్కన కూర్చునే జియోనె తన పాఠం అయ్యాక గినీ కోడి బొమ్మ నొక్కి, స్నేహితురాలి పాఠం కూడా చేస్తూ వచ్చింది. వాన ఆపిన రోజుల్లోనూ, ఈ జ్వరం రోజుల్లోనూ. మా ఊళ్ళో పక్కమడివాళ్ళు మంచాన పడితే వాళ్ళ సాళ్ళు కూడా మనమే తవ్విపెడతాం. ఎవరూ చెప్పక్కర్లేదు, చేశామని చెప్పుకోం కూడా. ఆ పిల్ల చేసిందీ అదే.

"జ్వరమని నాకెందుకు చెప్పలేదమ్మా?" అంది దైనెస్.

"మీరు పిలవలేదు కదా మేడమ్."

నూట ముప్పై తలల్లో ఒకటి లేకపోతే కనబడదా అని తర్వాత ఎంతోమంది అడిగారు. పిలిస్తేనే కనబడుతుంది. యంత్రానిది తప్పా, మనిషిది తప్పా అని మళ్ళీ సభ పెట్టారు. దైనెస్ వెళ్ళలేదు.

సోమవారం ఆమె పాత హాజరు పుస్తకం దుమ్ము దులిపి తీసింది. ఒక్కో పేరే పిలిచింది. గోడ అవతల నా క్లాసు ఆపేసి నేను వింటూనే ఉన్నాను. తియామికె పేరు వచ్చింది. దాటెయ్యొచ్చు. దాటెయ్యలేదు, పిలిచింది.

అలవాటు ప్రకారం జియోనె లేచింది.

"మేడమ్, దాని పాఠాలు ఇంకా మూడు మిగిలాయి. నేను చేసెయ్యనా?"

"చెయ్యమ్మా," అంది దైనెస్. బయటికొచ్చి మెట్టు మీద కూలబడి, చితెంజె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ రోజు కూడా తియామికె బడికి వచ్చిందనే పడింది ట్యాబులో.