అమ్మ పాత్ర చివరి మాట

రంగస్థలం మీద కుడి ఎడమలు నటుడివే గానీ ప్రేక్షకుడివి కావు. ఈ ఒక్క ముక్క గల్ఫ్‌లో మా తెలుగు నాటక బృందంలోని ఇంజనీర్లకూ డాక్టర్లకూ ఎక్కించేసరికి నాకు తలప్రాణం తోకకొచ్చింది. రిగ్గైలో ఒక అరబ్బు ఇంట్లో, తను 'మామా' అని పిలిచే యజమానురాలి దగ్గర పనిచేసే కడపామె మాత్రం మొదటి శుక్రవారమే పట్టేసింది.

"మామా నా ఎదురుగా నిలబడి చెయ్యి చూపిస్తాది గదా సార్. ఆమె కుడి నాకు ఎడమ. రోజూ ఉండేదే."

దజీజ్‌లో ఒక గోదాము మూలన, శుక్రవారం పొద్దున మా రిహార్సళ్లు. నేల మీద తెల్ల టేపు అంటించి, ఇక్కడ ముందు తెర, అటూ ఇటూ సైడ్ వింగులు అని చూపించేవాణ్ణి. సైడ్ వింగ్‌లో ప్రాంప్టర్ దాక్కుని, మాట మరిచిపోయినవాళ్లకు మెల్లగా అందిస్తాడు. ఆ పని నాదే. ఆమెకు చదువు రాదు, అందరి డైలాగులూ విని విని నేర్చుకుంది. అమ్మ పాత్ర ఆమెకే ఇచ్చాను. నాటకమంతా నోరెత్తని ఆ అమ్మ చివర్లో, "ఈ ఇంట్లో నా మాటా ఒకటుంది, వినండి" అంటుంది. ఆ మాట దగ్గర ఆమె గోదాము అదిరిపోయేలా అరిచేది. నేను విసుక్కునేవాణ్ణి.

"పాత్ర ఊరికే రాకూడదు, ఊరికే పోకూడదు. ప్రవేశానికీ నిష్క్రమణకీ కారణం ఉండాలి," అని ఒకసారి పాఠం దంచాను.

"మా రాకా పోకా మా చేతిలో యాడుంటాది సార్?" అని నవ్వింది. అందరం నవ్వాం.

ప్రదర్శనకు ఫింటాస్‌లో హాలు నేనే మాట్లాడాను, శుక్రవారం సాయంత్రం ఏడింటికి. ఫ్యామిలీలు తీరుబడిగా వచ్చే వేళ మరి. ఆమె సెలవు మధ్యాహ్నం మూడింటి దాకానే. అది తెలిసి కూడా ఆమెను అడగాలని నాకు తోచలేదు.

ఆ రోజు ఆరింటికి ఫోన్ చేసింది. "మామా ఇంటికి చుట్టాలొచ్చినారు సార్. పంపనంటాంది. ఖలాస్."

"నేనొచ్చి అడగనా అమ్మా?"

"వద్దు సార్! ఎవరో మొగాయన వాకిట్లోకొచ్చి నన్నడిగితే నా బతుకేం గావాల?"

నిజమే. నా ఉద్యోగమూ నా ఇంగ్లీషూ ఆ గుమ్మం దగ్గర ఎందుకూ కొరగావు. నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఫోన్ పెట్టేయొద్దు సార్. గిన్నెలు కడుగుతా వింటా."

ఇయర్‌ఫోన్ ఒక చెవిలో పెట్టుకుని సైడ్ వింగ్‌లో నిలబడ్డాను. నాటకం మొదలయ్యే ముందు కొట్టే మూడో గంట కొట్టారు. ఇక ఎవరి కోసమూ ఆగేది లేదు, తెర లేచింది. అమ్మ వేషంలో ఒక డాక్టరుగారి భార్య, అప్పటికప్పుడు ఒప్పుకున్నావిడ. చివరి రంగంలో వేదిక మధ్యకు వెళ్లి మాట రాక బిక్కచచ్చిపోయారు. నేను కంగారుగా పేజీ వెతుకుతుంటే, నా చెవిలో కుళాయి చప్పుడు ఆగింది. కడపామె ఆ డైలాగు చెప్పింది. నేను అందించాను, ఆవిడ పలికారు. ఆ తర్వాతదీ అంతే. ముందు వరుసలో ఎవరో కళ్లు తుడుచుకున్నారు.

ఇక ఒక్క మాటే మిగిలింది. అవతల వంటింట్లో, "యల్లా! యల్లా!" అని మామా తొందరపెట్టే కేక వినబడింది. ఫోన్ కట్ అయింది.

ఆ మాట నా పుస్తకంలో ఉంది. అందించకుండానే పుస్తకం మూసేశాను. తెర దించమని చెయ్యి ఊపాను. చప్పట్లు బాగానే కొట్టారు.

తర్వాతి శుక్రవారం వస్తూనే అడిగింది. "చివరి మాట ఆయమ్మ గట్టిగా చెప్పిందా సార్?"

"చెప్పిందమ్మా," అన్నాను.