మామ చూడాలనుకున్న చైను బండి

మా మామ పోయారు. పోయిన నెలలో ఒక శనివారం పొద్దున కొట్టంలో చైను బండి పక్కన, గ్రీజు డబ్బా ముందర పెట్టుకుని కూర్చున్నవారు అట్లే పక్కకు ఒరిగిపోయారట. నేను బళ్ళో పాఠం చెబుతున్నాను. ఫోనులో మా అత్త ఏడవలేదు. "మీ మామ పలకలేదమ్మా. తువ్వాలు ఊపితే కూడా రాలేదు" అంది. నాకు సంగతి తెలిసిపోయింది.

తువ్వాలు సంగతి మీకు చెప్పాలి. మామ, అంటే మా ఆయన నాన్న, వయసులో ఉన్నప్పుడు చైను బండి డ్రైవరు. టైర్లకు బదులు ఇనుప చైన్ల మీద పాకుతూ పోయే పాతకాలపు ట్రాక్టరు అది. కాలువ పనులకు, రాళ్ళ చేలు చదును చేయడానికి దాన్ని తోలేవారు. ఆ చప్పుడులో మనిషి మాట వినపడదు. అందుకని కింద నిలబడినవాళ్ళు తువ్వాలుతో సైగ చేయాలి. గిర్రున తిప్పితే రమ్మని, కిందికి దించితే ఆపమని. ఆ సైగలు మా ఇంట్లోకీ వచ్చాయి. చెవులు సగం పోయిన మామను బువ్వకు పిలవాలంటే అత్త వాకిట్లో నిలబడి తువ్వాలు తిప్పేది. ఆయన రాకపోతే, "ఆ ఇనుమే తిని బతుకుపో!" అని అరిచేది. అది మాత్రం ఆయనకు ఎట్లాగో వినపడేది.

పని మానుకున్న చాలా ఏళ్ళకు, బేతంచెర్ల దగ్గర నాపరాళ్ళ గని పక్కన కంపచెట్లలో తుప్పుపట్టి పడి ఉన్న అలాంటి బండి ఒకటి ఆయన కంటబడింది. ఇంటికి తెచ్చేదాకా నిద్రపోలేదు. లారీ మీది నుంచి దించుతుంటే ఊరంతా పోగయింది.

"ఏమప్పా, దీన్ని ఏం చేస్తావు?" అని ఒకాయన అడిగాడు.

"బాగుచేస్తా."

"బాగైనాక?"

"బాగుంటాది."

అంతకుమించి జవాబు చెప్పలేదు. ఎవరు ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

బండితోపాటు చెదలు కొట్టిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి వచ్చింది. ఇంట్లో టీచరమ్మను నేనే కాబట్టి ఆదివారాలు కొట్టంలో నేను చదివి తెలుగులో చెప్పేదాన్ని, ఆయన స్పానరు తిప్పేవారు. మామ ఎదుట కోడలు కుర్చీలో కూర్చోని ఇల్లు మాది. నిలబడే చదివాను. రెండో ఆదివారం పోయేసరికి ఒక డీజిలు డబ్బా బోర్లించి, దాని మీద గోనెసంచి మడిచి వేసి ఉంది. "ఇది కుర్చీ గాదులేమ్మా, డబ్బా" అన్నారు. కూర్చున్నాను.

అంత నమ్మకంగా చదివించుకున్నందుకు నేను చేసిన నిర్వాకం వినండి. చైన్లను ఎక్కించడానికి ముందూ వెనకా ఉంటాయి. పుస్తకంలో ఉన్నది బండి ఎడమ పక్క బొమ్మ, నేను కుడి పక్కది అనుకుని చెప్పాను. నాలుగు రోజులు కూలీలతో కలిసి ఎక్కించారు. ఆయుధపూజ నాడు పసుపు కుంకుమ పెట్టి, చైన్ల కింద నిమ్మకాయలు పెట్టడానికి వంగిన మామ వంగినట్టే ఉండిపోయారు. "ఓర్నాయనో! తిరగబడి ఉండాయే ఇవి!" అన్నారు. చుట్టూ ఊరి జనం. నాకు తల కొట్టేసినట్టయింది. నేను నోరు తెరిచేలోపే ఆయన నవ్వి, "తప్పు నాదేలేప్పా, అద్దాలు పెట్టుకోకుండా బొమ్మ చూస్తి" అన్నారు. ఆ బొమ్మ ఆయన చూడనే లేదు. విప్పి మళ్ళీ ఎక్కించడానికి వారం పట్టింది. ఆ వారంలో గానీ, ఆ తర్వాత గానీ ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు.

బండి నడిచింది. పెట్రోలుతో నడిచే చిన్న ఇంజనును తాడు లాగి లేపితే, అది పెద్ద ఇంజనును లేపుతుంది. "చిన్నదాన్ని బతిమాలుకుంటే చాలమ్మా, పెద్దదాని సంగతి అదే చూసుకుంటాది" అనేవారు. చేను మొత్తం ఒక చుట్టు తిప్పి దిగివచ్చిన రోజు, గ్రీజు చేతులు తుడుచుకుంటూ ఆయన ఒక కోరిక చెప్పారు.

"ఇన్నేండ్లు తోలితి గానీ, ఇది పోతాంటే ఎట్లుంటాదో నేను చూల్లేదమ్మా. ఎప్పుడూ దాని మిందనే ఉంటి గదా. నువ్వు తోలు. గట్టు మింద నిలబడి నేను చూస్తా."

"నేనా మామా? మీ కొడుకుతో తోలించండి."

"వానికి గ్రీజు వాసనే పడదు. పుస్తకం సదివింది నువ్వు గదా."

ఆ బండికి స్టీరింగు ఉండదు. రెండు లివర్లు ఉంటాయి, ఎటు లాగితే అటు తిరుగుతుంది. అవి నా బలానికి కదలవు. బ్రేకులకు నా కాళ్ళు అందవు. అందుకని బండినే నాకు సరిపోయేలా మార్చడం మొదలుపెట్టారు. కోడలిని తాకకూడదు కాబట్టి అత్త చేతికి దారమిచ్చి, తాను గోడవైపు తిరిగి కూర్చుని, "భుజం కాణ్ణుంచి మణికట్టు దాంకా... ఇప్పుడు మోకాలు కాణ్ణుంచి మడమ దాంకా" అని చెబుతుంటే అత్త కొలిచింది. "మామలు కోడండ్లకు చీరలు తెస్తారు. ఈయప్ప బండి కుట్టిస్తాండాడు" అని ఒకటే నవ్వు. లివర్లకు పైపులు అతికించి పొడుగు చేశారు, బ్రేకులకు తుమ్మచెక్కలు బిగించారు, సీటు ముందుకు జరిపారు.

వాయిదా వేసింది నేనే. ఆయన నేల మీద నిలబడి ఉంటే నేను అంత ఎత్తున సీట్లో కూర్చోవడమా? ఊరు ఏమంటుంది? దసరాకు తోలుతాను మామా అన్నాను. దసరా వస్తే ఉగాదికి అన్నాను. "బండి యాడికీ పోదులేమ్మా" అనేవారు, ఏ మాత్రం నొచ్చుకోకుండా. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

దినాలు అయిపోయాక మొన్న ఆదివారం, అత్త నా గదిలోకి వచ్చి నిలబడింది. భుజం మీద మామ తువ్వాలు ఉంది. "లెయ్. ఆయప్ప చూడాలన్నది నేనన్నా చూస్తా" అంది. ఆమె అప్పుడే గడప దాటకూడదని పెద్దలు అంటూనే ఉన్నారు. దాటింది.

తాడు మూడుసార్లు లాగితే చిన్న ఇంజను లేచింది. పెద్దది గర్జించింది. సీటెక్కి కూర్చున్నాను. చెయ్యి చాపితే లివరు చేతికొచ్చింది. కాలు చాపితే చెక్క అందింది. గోడవైపు చూస్తూ తీసిన కొలత ఒక్క వేలెడు కూడా తప్పలేదు. ఏడుపు ఆగలేదు, ఏడుస్తూనే తోలాను.

అత్త గట్టు మీద నిలబడి తువ్వాలు తిప్పింది. కదిలాను. చేను చివరిదాకా పోయి, మళ్ళుకుని, ఒక చుట్టు పూర్తయ్యేసరికి నా చేతులు పీకేస్తున్నాయి. తువ్వాలు దించితే ఆపుదామని గట్టు వైపు చూశాను. అత్త నన్ను చూడటం లేదు. చైన్లనే చూస్తోంది. కుడిచెయ్యి నొప్పెట్టినట్టుంది, తువ్వాలును ఎడమచేతిలోకి మార్చుకుని, తిప్పుతూనే ఉంది.