అమావాస్య నాడు కొలిచిన వేగం

సర్వర్ మీద మినుకుమినుకుమనే లైటు ఆగకుండా వెలుగుతూ ఉండిపోయింది. తూకం చీటీలు రావడం ఆగిపోయింది.

పాలకుర్తి దగ్గరి పత్తి మిల్లులో కంప్యూటర్ల పని నాది. కొత్త సర్వర్‌కు ఎంత వేగమున్న డిస్కు కావాలో తేల్చింది నేనే. కాంటాల నుంచి తూకం లెక్కలు ఎంత వేగంగా వస్తాయో, తీరిక దొరికిందని అమావాస్య నాడు కొలిచాను. ఆ రోజు మా దిక్కు ఎవరూ పత్తి అమ్మరన్నది తట్టనే లేదు. ఇప్పుడు కాంటాలన్నీ ఒకేసారి లెక్కలు పంపితే డిస్కు అందుకోలేకపోయింది.

బయట ట్రాక్టర్ల బారు. పత్తి చూపించడానికి పరదాలు విప్పి ఉన్నాయి. చేత్తో చీటీలు రాస్తానంటే మిల్లు యజమాని సేటు వద్దన్నాడు. అంతలో వాన దిగింది.

"బిడ్డా, నీ డబ్బ ఆగితే వాన ఆగుతదా? జర కాంట పెట్టుండ్రి!" కిటికీ దగ్గర ఒక అవ్వ అరిచింది.

సర్వర్ తేరుకునేసరికి ఆమె పత్తి ముద్దయింది. సేటు ధర సగానికి కోశాడు.

"వాన దేవుని పని అవ్వా, మేమేం జేస్తం?" అన్నాడు.

తప్పు నాదంటే ఉద్యోగం పోతుందని, ఆ సగం ధరకే చీటీ తీసి ఇచ్చాను.

తెల్లారి నా బిడ్డలు అడిగారు, "అమ్మా, నిన్న వానల తడిసినవా?"

"లేదు. నేను లోపల కూసున్న. నా తప్పుకు ఒక అవ్వ పత్తి తడిసింది" అని చెప్పాను.